పాటల పుస్తకంలో కార్డు

మెలెసెయిని అత్త లూ పొట్లం విప్పలేదు.

అరిటాకులో చుట్టి గొయ్యిపొయ్యిలో కాల్చిన చేమాకుల పొట్లం ఆమె ముందు చాపమీద చల్లారిపోతోంది. కొబ్బరిపాలు అంచుల్లోంచి కారి గడ్డకడుతున్నాయి. చర్చి నుంచి వచ్చి గంటన్నర అయింది. ఆ గంటన్నరలో అత్త ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క ముద్ద తినలేదు. మేనత్త తినకుండా ఆ ఇంట్లో ఇంకెవరూ చెయ్యి పెట్టరు. కాబట్టి తెల్లారకముందే గొయ్యిలో పెట్టిన పంది మాంసం, పెండలం, అన్నీ దివ్యంగా ఉడికి ఊరికే కూర్చున్నాయి.

వరండాలోంచి సామిసోని గొంతు వినిపించింది.

"ఆకెసా, అక్క తిన్నదా?"

"లేదండీ."

"ఎందుకని అడుగు."

ఆకెసా గదిలోకి తొంగిచూసింది. "వదినా, మీ తమ్ముడు ఎందుకు తినలేదని అడుగుతున్నారు."

అత్త గోడ వైపు చూస్తూ కూర్చుంది.

"ఏమంది?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదంటే? కోపంగా అనలేదా, బాధగా అనలేదా?"

"మీరే వచ్చి చూసుకోకూడదూ!" అంది ఆకెసా విసుగ్గా. అనేసి నాలుక కరుచుకుంది.

సామిసోని అరవయ్యేళ్ల మనిషి, చర్చిలో పెద్ద, టోంగాలోని కొలొవాయి ఊళ్లో నలుగురూ తగువు తీర్చమని వచ్చే మనిషి. అయినా అక్క కూర్చున్న గదిలో అడుగు పెట్టడు. బుద్ధి తెలిసినప్పటి నుంచీ పెట్టలేదు. మర్యాద గల ఏ తమ్ముడూ పెట్టడు. ఆ అక్కాతమ్ముళ్ల మాటల్ని ఇటువాళ్లవి అటు, అటువాళ్లవి ఇటు ముప్పై ఏళ్లుగా ఆకెసాయే మోస్తోంది. మోసి మోసి ఆవిడకి సొంత మాటలు ఆడే తీరిక చిక్కలేదేమోనని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

గుమ్మం పక్కన ఆకెసా కూతురు ఫూసి తల వంచుకుని కూర్చుంది. ఆరు రోజుల్లో పెళ్లికూతురు. ఆ ముఖంలో ఆ కళ ఎక్కడా లేదు.

పొద్దున చర్చిలో చేసింది తక్కువ పనా? మూడో పాటకి అత్త పుస్తకం తెరిచింది. ఆ పేజీల మధ్య గుర్తుగా పెట్టి ఉంది, తెల్లటి ప్లాస్టిక్ కార్డు, మూల మీద నాలుగు అంకె. ఫూసి పాట ఆపేసింది. "అత్తా, అది నా కార్డు!" అని అరిచి, ఊరంతా చూస్తుండగా, అత్త చేతిలోంచి లాగబోయింది. మేనత్త చేతిలోంచి! అత్త పుస్తకం మూసేసింది. పాట అయ్యేవరకూ కళ్లు మూసుకునే నిలబడింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. గేటు దగ్గర మళ్లీ అడిగింది ఫూసి: "దీన్ని ఎవరెవరు ముట్టుకున్నారో నేను రాసివ్వాలత్తా, చెప్పు."

అప్పటినుంచీ ఈ మౌనం.

"ఇదుగో అమ్మాయ్," అన్నాడు సామిసోని కిటికీ చెక్కల సందులోంచి. "నువ్వు అక్కడే ఉన్నావా?"

"ఉన్నాను నాన్నా."

"కార్డు దొరికింది కదా."

"దొరికింది."

"విరిగిందా?"

"లేదు."

"మరి ఇంకేమిటి? అత్త ముందు చెంపలేసుకుని, కార్డు తీసుకుని, రేపు నీ ఆఫీసుకి పో. తిండి చల్లారిపోతోంది."

"కార్డు ప్లాస్టిక్ సంచిలో ఉండాలి నాన్నా. నంబరేసిన సంచి. ఒకసారి చింపితే మళ్లీ అతుక్కోదు. అది లేదిప్పుడు."

అత్త మొదటిసారి కదిలింది. పక్కనున్న చేతిసంచిలోంచి కళ్లజోడు తీసింది. కళ్లజోడు చుట్టూ పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి తొడుగులా ఉంది. ఒక పక్క కత్తెరతో చక్కగా కోసి ఉంది. దానిమీద ఎర్రటి అంకెలు. కళ్లజోడు పెట్టుకుని, తొడుగు మడిచి చేతిసంచిలో పెట్టుకుని, మళ్లీ గోడ వైపు చూసింది.

ఫూసికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

తప్పు అత్తది కాదు. ఆ సంగతి ఫూసికి తెలుసు, నాన్నకి తెలియదు. నాలుగు వారాల కిందట అత్త ఈ ఇంటికొచ్చినప్పుడు అలమరలో ఫూసి కార్డు దాచుకున్న చెక్కపెట్టె చూసి, "ముచ్చటగా ఉందే, ఇది నాకివ్వు" అంది. మేనత్త అడిగాక కాదనే మేనకోడలు టోంగాలో ఇంకా పుట్టలేదు. ఇచ్చే ముందు లోపలున్నది తీసుకోవచ్చు కదా అంటారేమో. అత్త ఎదురుగా పెట్టె ఖాళీ చేసి ఇవ్వడమంటే, నీకు పెట్టె చాలు, లోపలిది నీకు తగదు అని ముఖం మీద చెప్పడమే. ఫూసి పెట్టెని రెండు చేతులా ఎత్తి ఇచ్చేసింది. రేపు మెల్లగా అడుగుదాం అనుకుంది. తెల్లారేసరికి అత్త తన దీవి వవాఉకి పడవెక్కేసింది.

ఆ రోజే ఆఫీసులో చెప్పాలి. చెప్పలేదు. సంచి భద్రంగా ఉంటుంది, పెట్టెలో ఉంటుంది, అత్త పెళ్లికొచ్చినప్పుడు చూసుకుందాం అని రోజూ తనకి తాను జోకొట్టుకుంది.

"సంచి లేకపోతే ఏమైందే?" అన్నాడు సామిసోని. "కార్డుతో పాటు నంబరు నొక్కాలన్నావు. ఆ నంబరు నీ తలలో ఉంది. అక్కకి తెలియదు. మరి భయమెందుకు?"

"తెలియదు. ఎవరికీ తెలియదు."

నిజమే. ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. ఆరంకెలు. పాటల పుస్తకంలోంచి రెండు పాటల నంబర్లు తీసి పక్కపక్కన పెట్టుకుంది, అంతే. నూటపద్నాలుగు, తను ఫెలెతి పక్కన నిలబడి మొదటిసారి పాడిన పాట. మూడువందల రెండు, అతను పెళ్లి మాట ఎత్తిన సాయంత్రం చర్చిలోంచి వినిపించిన పాట. ఆ కార్డు నంబరు నొక్కిన ప్రతిసారీ ఆమెకి లోపల ఒక చిన్న వెలుగు కదిలేది.

"అయితే రేపు వెళ్లి నీ పని చేసుకో," అన్నాడు తండ్రి.

"రేపు తొమ్మిదింటికి నలుగురు సాక్షుల ఎదుట నిలబడి చెయ్యెత్తి ఒక మాట చెప్పాలి నాన్నా. 'ఈ కార్డు నా చేతిలోంచి ఎవరి చేతికీ పోలేదు' అని. అది చెప్పాకే పని మొదలవుతుంది. ఎలా చెప్పను?"

వరండాలో కుర్చీ కిర్రుమంది. అబద్ధం చెప్పమని ఆదివారం నాడు ఏ చర్చి పెద్ద అంటాడు?

"చెప్పకపోతే?"

"ఇవాళ పొద్దు గుంకేలోగా కాగితం రాసివ్వాలి. ఎవరి చేతికి పోయిందో పేరు రాయాలి. నా కార్డు రద్దు చేస్తారు."

"పేరంటే? అక్క పేరా?" ఆయన గొంతు లేచింది. "సర్కారు కాగితం మీద? దొంగల జాబితాలో రాసినట్టు? ఆకెసా! నీ కూతురు ఏమంటోందో విను!"

"వింటూనే ఉన్నాను," అంది ఆకెసా.

"పేరు రాస్తే మంగళవారం పడవకే అక్క వెళ్లిపోతుంది. శనివారం పెళ్లి. మేనత్త కూర్చోని పెళ్లి పెళ్లేనా? ఫెలెతి వాళ్లు ఏమనుకుంటారు? అదీగాక ఇవాళ ఆదివారం. ఈ ఇంట్లో ఆదివారం ఆఫీసు కాగితం మీద కలం పెట్టింది లేదు. పెట్టనివ్వను."



కొలొవాయి ఆదివారం మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు చెప్పాలనుంది గానీ, చెబుతుంటే నాకే నిద్రొస్తుంది. రోడ్డు మీద ఒక్క కారు ఉండదు. కొట్లు మూత. కుక్కలు కూడా మొరగడం ఎందుకని ఊరుకుంటాయి. ఇంటెదురు సరుగుడు చెట్ల నిండా పెద్ద గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతూ, మధ్య మధ్య ఒక రెక్క విప్పి విసురుకుని మళ్లీ ముడుచుకుంటాయి. సముద్రం ఎక్కడో దూరంగా ఊపిరి తీస్తుంటుంది. గొయ్యిపొయ్యి పొగ నేలబారున కదులుతుంది. పొద్దున పాడిన పాటలు ఇంకా గాలిలోనే ఉన్నాయేమో, చెవి పెడితే మళ్లీ వినిపిస్తాయేమో అన్నట్టుంటుంది.

ఆకలితోనే సామిసోని కుర్చీలో కునికాడు. ఆకెసా వంటపాకలో చాప పరుచుకుంది.

ఫూసి లేచి గదిలోకి వెళ్లింది. కిటికీ చెక్కల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా చాప మీద పడుతోంది. అత్త ఒళ్లో పుస్తకం, పుస్తకం మీద చెయ్యి. ఫూసి ఆమె పాదాల దగ్గర కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ ఆ ఎండచారలు మెల్లగా జరగడం చూస్తూ ఉండిపోయారు.

"ఏమిటది?" అంది అత్త.

రెండు గంటలు దాటాక పలికిన గొంతు బొంగురుగా ఉంది. ఫూసి ఉలిక్కిపడింది.

"ఏదత్తా?"

"ఇదే. నేను ముడితే మైలపడిపోయింది. ఏమిటిది?"

"మైల కాదత్తా..."

"మీ నాన్నకి చెప్పినట్టు నాకు చెప్పకు. నాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

ఫూసి గొంతు సవరించుకుంది. "మా ఆఫీసు కింది గదిలో ఇనప బీరువాలో ఒక యంత్రం ఉంది. దాని కడుపులో ఒక రహస్యం పుట్టింది. తాళంచెవి లాంటిది. అది అక్కడే ఉంటుంది, బయటికి రాదు. నేను కూడా చూడలేదు. ఎవరూ చూడలేదు."

"మరి దాంతో పనేమిటి?"

"ముద్ర వేస్తుంది. పెద్దాసుపత్రి డాక్టరు మీ వవాఉ నర్సుకి మందుల చీటీ పంపుతాడు చూడు, ఫోన్లో. అది నిజంగా ఆ డాక్టరే పంపాడని నర్సుకి ఎలా తెలుస్తుంది? డాక్టరుకి మేమొక సర్టిఫికెట్టు ఇస్తాం. ఇతను ఫలానా, ఇతని సంతకం ఇలా ఉంటుంది అని. ఆ సర్టిఫికెట్టు మీద మా యంత్రం ముద్ర ఉంటుంది. ముద్ర ఎవరైనా చూసి సరిపోల్చుకోవచ్చు. వెయ్యడం మాత్రం ఆ రహస్యం ఉన్నవాళ్లకే వస్తుంది."

"ఊఁ."

"ఒక్క మనిషి చేతిలో ఉంటే ప్రమాదమని, యంత్రాన్ని లేపడానికి ఐదుగురికి ఐదు కార్డులిచ్చారు. ముగ్గురు కలిసి వస్తే లేస్తుంది. ఒకరు ఆక్లండ్‌లో ఆపరేషన్ చేయించుకుంటున్నారు, ఒకరు పడవలో దూరపు నియువా దీవులకి వెళ్లారు. మిగిలింది ముగ్గురం. నెలాఖరుకి మా ఆఫీసు పాత సర్టిఫికెట్టు గడువు తీరిపోతుంది. రేపు కొత్తది చెయ్యాలి."

"నీ కార్డు రద్దయితే?"

"రేపటి పని ఆగిపోతుంది. నా ఉద్యోగం సంగతి నాకు తెలియదు."

అత్త పుస్తకం తెరిచింది. కార్డు తీసి వెలుగుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "దీనికేమీ కాలేదే. గీత కూడా పడలేదు. నేను దొంగనా? ఎవరికైనా అమ్ముకున్నానా?"

"లేదత్తా. నువ్వేమీ చెయ్యలేదని నాకు తెలుసు. కానీ ఏమీ జరగలేదని ఇంకొకళ్లకి నేను చూపించలేను. అదే దీంతో చిక్కు. పోయినట్టు కనపడదు. ఎవరైనా వాడుకుని తిరిగి పెట్టేసినా ఇలాగే ఉంటుంది."

ఆ మాటకి అత్త కార్డు తిప్పడం ఆపింది.

కిటికీ బయట ఒక గబ్బిలం రెక్క విప్పి ముడిచింది. అత్త కళ్లు అటు పోయాయి గానీ, చూస్తున్నది దాన్ని కాదు.

"మా అమ్మ లాపైటికి ఒక అచ్చు ఉండేది," అంది మెల్లగా. "నారబట్ట మీద బొమ్మ దింపే కుపెసి అచ్చు. ఆవిడే కుట్టుకుంది, కొబ్బరి ఈనెలతో. రెండు పక్షులు, మధ్యలో హెయిలాలా పువ్వు. పెళ్లిలో గానీ చావులో గానీ ఆ బట్ట పరిస్తే, ఇది లాపైటి చెయ్యి అని ఏ దీవిలోనైనా చెప్పేవాళ్లు. బొమ్మ అందరూ చూసేదే. అచ్చు మాత్రం అమ్మ తలగడ కింద."

"నాకు తెలియదత్తా. నేనెప్పుడూ చూడలేదు."

"ఎలా చూస్తావు? ఒకరోజు అది కనిపించలేదు. మర్నాడు పొద్దున మళ్లీ తలగడ కిందే ఉంది. చిరగలేదు, నలగలేదు. నాకు తొమ్మిదేళ్లు. అమ్మ దాన్ని తీసుకెళ్లి పొయ్యి గొయ్యిలో వేసింది."

"కాల్చేసిందా?"

"నేను ఏడ్చాను. దొరికింది కదమ్మా అన్నాను. ఒక రాత్రిలో దాంతో ఎన్ని బట్టలు దింపారో నాకేం తెలుసు అంది అమ్మ. ఇల్లిల్లూ తిరిగింది. నిన్నటిదాకా చూసినవి నావే, ఇవాళ్టినుంచి ఆ పక్షులు కనపడితే అవి నావి కావు అని చెప్పింది. కొత్త అచ్చు కుట్టడానికి ఏడాది పట్టింది."

ఫూసి ఊపిరి బిగబట్టి వింటోంది. కొత్త తాళం, పాతదాన్ని రద్దు చేసిన చాటింపు, అన్నీ ఉన్నాయి అందులో. తనకి ఆఫీసులో మూడు నెలలు నేర్పింది ఇదే.

"ఎవరు తీశారో తెలిసిందా అత్తా?"

"తెలిసింది. పేరు కూడా చెప్పింది అందరికీ. అమ్మ సొంత చెల్లెలే." అత్త నిట్టూర్చింది. "ఆ ఇద్దరికీ చచ్చేదాకా మాటల్లేవు. శవం దగ్గరికి కూడా రాలేదు పిన్ని. నేను అమ్మని చాలా ఏళ్లు తిట్టుకున్నాను, ఒక అచ్చు కోసం చెల్లెల్ని వదులుకుందని."

"ఇప్పుడు?"

అత్త కార్డు ఫూసి చేతిలో పెట్టింది. "రాయి."

"అత్తా..."

"నా పూర్తి పేరు రాయి. అడిగి తీసుకున్నానని రాయి, ఎత్తుకెళ్లానని రాయకు. పొద్దున పదిమందిలో నా చేతిలోంచి లాగావు చూడు, దానికి నీతో వేరే మాట్లాడతాను."

ఫూసి ఆమె మోకాళ్ల మీద తల ఆన్చి ఏడ్చేసింది. అత్త ఆ జుట్టు మీద చెయ్యి వేసింది, నిమరలేదు.

కలం తెస్తుంటే వరండాలో సామిసోని లేచాడు. "ఏమిటా కలం? ఆదివారం అని చెప్పానా లేదా?"

ఈసారి అత్త ఆకెసా కోసం చూడలేదు. గోడకే చెప్పింది, వీధిలోకి వినపడేలా. "ఆ వరండాలో ఉన్నవాణ్ణి నోరు మూసుకోమనండి. నేను రాయమన్నాను."

అక్క మాటకి ఎదురు చెప్పే తమ్ముడు కూడా టోంగాలో ఇంకా పుట్టలేదు. కుర్చీ మళ్లీ కిర్రుమంది.

ఫారం చిన్నదే. కార్డు చేతిలోంచి ఏ రోజు పోయింది? ఫూసి నాలుగు వారాల కిందటి తేదీ వేసింది. ఎలా పోయింది? "లోపల ఉందని తెలిసే ఇచ్చాను" అని రాసింది. ఆ అక్షరాలు రాస్తుంటే, ఇన్నాళ్లూ గుండె మీద కూర్చున్నదేదో లేచి పక్కకి తప్పుకున్నట్టయింది. ఎవరి చేతికి? మొదటి గీత మీద మెలెసెయిని అత్త పూర్తి పేరు.

కింద రెండో గీత ఉంది.

"అత్తా, నీ తర్వాత ఇంకెవరైనా?" మాటవరసకి అడిగింది, సగం మనసు సంతకం దగ్గరే ఉంది.

"నా పుస్తకం ఎవరు ముడతారే? ఒక్క రెండు వారాలు ఇచ్చాను, పాడుకుంటానంటే."

"ఎవరికి?"

"ఇంకెవరికి? నీ పెళ్లికొడుక్కే."

ఫూసి కలం ఆగింది. ఫెలెతి పడవల కంపెనీలో కంప్యూటర్లు చూస్తాడు. కిందటి నెల ఆ పనిమీదే రెండు వారాలు వవాఉ వెళ్లాడు. అత్త ఇంట్లోనే దిగాడు. ఆ సంగతులన్నీ ఆమెకి తెలుసు. అతను తిరిగొచ్చి వారమైంది. రోజూ కలుస్తున్నాడు.

"కార్డు అందులోనే ఉందా, అతనికిచ్చినప్పుడు?"

"ఉంది మరి. నేను ఎప్పుడూ మొదటి పాట దగ్గరే పెడతాను. తిరిగిచ్చినప్పుడు ఇంకెక్కడో పెట్టాడు." అత్త పేజీలు తిప్పి, కార్డు ఒత్తు పడిన చోట ఆగింది. "నేనూ మార్చలేదు, కళ్లజోడుంటే గానీ నంబరు కనపడదు. ఇదుగో, ఇక్కడ. నూటపద్నాలుగు."

బయట ఎండ మెత్తబడింది. సాయంత్రం ఆరాధనకి మొదటి గంట మోగింది. గబ్బిలాలు ఒక్కొక్కటే కదులుతున్నాయి. ఆ కార్డు ఫెలెతికి బాగా తెలుసు. ఫూసికి అప్పగించిన రోజున సంచిలోంచి చూసి, నాలుగో నంబరా, నా పుట్టిన తేదీ అని నవ్వాడు కూడా. ఎక్కడ ఉండాల్సిన కార్డు ఎక్కడ కనిపించిందో తెలిసీ, వారం రోజులుగా తనతో ఒక్క మాట అనలేదు. తనని సిగ్గుపరచడం ఎందుకని ఊరుకున్నాడా? ఆ పాట దగ్గర ఊరికే ప్రేమగా పెట్టాడా? లేక తన ఆరంకెల్లో మొదటి మూడూ అవేనని పట్టేశాడా?

'ఎవరికీ తెలియదు' అని నాన్నకి ఎంత ధీమాగా చెప్పింది!

గేటు చప్పుడైంది. సామిసోని ముఖం విప్పారింది. "రావయ్యా రా! నువ్వైనా వచ్చావు. ఈ ఇంట్లో ఇవాళ ఎవరికీ తిండి లేదు."

ఫెలెతి నడుముకి మర్యాదగా కట్టుకునే కొత్త చాప చుట్టుకుని, జుట్టు తడిగా దువ్వుకుని, నవ్వుతూ గుమ్మంలోకి వచ్చాడు. "ఇంకా తయారవలేదా? రెండో గంట కొట్టేస్తారు."

ఫూసి కాగితం దాచలేదు. కార్డు దాని పక్కనే ఉంది. కలం రెండో గీత మీద పెట్టి, తల ఎత్తకుండానే అడిగింది.

"నీ పూర్తి పేరు ఎలా రాస్తావు?"

ఇదేమిటి, ఎందుకు అని అతను అడుగుతాడని ఎదురుచూసింది. అడగమని లోపల లోపల వేడుకుంది.

ఫెలెతి కార్డు వైపు చూశాడు. తర్వాత అత్త వైపు చూశాడు.

"పుస్తకం సంగతి చెప్పేశారా?" అన్నాడు మెల్లగా.